వన్ బై టూ చాయ్, ఒక పాత ఉత్తరం

పోయిన అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, హనుమకొండలో ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. నేను డాక్టర్ని కాను, సైకాలజీ చదవలేదు. లేనివి నిజమని నమ్మించే స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉన్న అన్నతో పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను కాబట్టి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి చాలా బాగా మాట్లాడారు. మనసులో పెట్టుకోవద్దు, నోరు విప్పండి, చెప్పుకుంటేనే బరువు తగ్గుతుంది అన్నారు. ఆ మాట పిల్లలందరితో గట్టిగా అనిపించారు కూడా.

ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, చెప్పాలె చెప్పాలె అంటున్నరు. ఎవరికి చెప్పాలె?"

ఆయన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చెప్పారు. పగలైనా రాత్రైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు అన్నారు. అన్నీ నిజమే. 2022 నుంచి నడుస్తున్న మంచి ఏర్పాటు అది. ఆ అమ్మాయి కూర్చోలేదు.

"ఫోన్ నాది కాదు సార్. మా బాపుది."

హాల్లో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. మెల్లగా కూర్చుంది. తర్వాత నా వంతు వచ్చింది. రాసుకొచ్చిన నాలుగు మాటలు చెప్పి దిగిపోయాను. ఆమె అడిగినదానికి నేనూ జవాబు చెప్పలేదు. బస్సెక్కి ఇంటికొచ్చే దాకా, ఆ తర్వాత చాలా రోజుల దాకా అదే గుచ్చుకుంటూ ఉంది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

798 రోజులు

మానసిక ఆరోగ్య ఉద్యమం అనగానే అందరూ చెప్పే మొదటి పేరు క్లిఫర్డ్ బీర్స్. 1876లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు, యేల్ యూనివర్సిటీలో చదివాడు. అన్నకు మూర్ఛరోగం రావడం కళ్ళారా చూసి, తనకూ అదే వస్తుందని ఏళ్ళ తరబడి లోపల్లోపల వణికిపోయాడు. 1900 జూన్‌లో ప్రాణం తీసుకోబోయి బతికాడు. ఆ తర్వాత మూడేళ్ళు మానసిక వైద్యశాలల్లోనే గడిచాయి. బయటికొచ్చాక అక్కడి దెబ్బలు, కట్టేయడాలు, చీకటి గదులు అన్నీ రాసి 1908లో 'ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్' పేరుతో పుస్తకం వేశాడు. అదే ఏడాది కనెక్టికట్‌లో ఒక సంఘం, మరుసటి ఏడాది దేశం మొత్తానికి ఒక కమిటీ పెట్టాడు. 1930లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహాసభ దాకా ఆ పని ఆయన చేతుల మీదుగానే పెరిగింది.

ఆయన కథ చెప్పేవాళ్ళంతా చూడండి, ఎంత ధైర్యంగా నోరు విప్పాడో అంటారు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ అదే కనిపించింది. ఈ మధ్య మళ్ళీ చదివితే నా చూపు ఇంకో చోట ఆగిపోయింది.

జబ్బు ముదిరిన ఆ రోజుల్లో బీర్స్ దాదాపు ఎవరితోనూ మాట్లాడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తనను పట్టించడానికి వచ్చిన డిటెక్టివులని నమ్మాడు. చూడ్డానికి వచ్చే ఇంటివాళ్ళు కూడా అసలు వాళ్ళు కాదు, వేషం కట్టి వచ్చినవాళ్ళు. తోడబుట్టిన జార్జ్ ఎన్నిసార్లు వచ్చినా అంతే. చివరికి తోటి రోగి ఒకరి సాయంతో బీర్స్ ఒక పరీక్ష పెట్టాడు. జార్జ్ ఇంటి చిరునామాకు ఉత్తరం రాశాడు. మొన్న నన్ను చూడ్డానికి వచ్చింది నువ్వే అయితే ఈసారి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం తీసుకురా, ఇదే నీ పాస్‌పోర్టు అని. వేషగాడైతే ఆ ఉత్తరం వాడి చేతికి చిక్కదు కదా.

1902 ఆగస్టు 30న జార్జ్ వచ్చాడు. జేబులోంచి ఆ ఉత్తరం తీసి చేతికిచ్చాడు. 798 రోజుల భ్రమ ఆ కాగితంతో విడిపోయింది.

జబ్బు అక్కడితో నయం కాలేదు. అంతదాకా మూగగా ఉన్నవాడు ఒక్కసారిగా ఆపలేనంత ఉద్రేకంలోకి వెళ్ళాడు. కట్టేసింది, కొట్టింది ఎక్కువగా ఆ తర్వాతే. అయినా నోరు పెగిలింది మాత్రం ఆ రోజే. ఎవరో వచ్చి నోరు విప్పు, మనసులో పెట్టుకోకు అంటే పెగల్లేదు. తను పెట్టిన పరీక్షకు, తన మనసు నమ్మగలిగే రుజువుతో ఒక మనిషి ఎదురుగా నిలబడితే పెగిలింది. జార్జ్‌కు ప్రేమ లేక కాదు ఆ రెండేళ్ళూ వృథా అయింది. ప్రేమ ఉందని అవతలివాడు చేత్తో పట్టుకొని చూసుకునే వీలు లేకపోయింది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఈ పదేళ్ళలో మన దగ్గర నోరు విప్పమనేవాళ్ళు చాలామంది అయ్యారు. ఉత్తరం పట్టుకొని వచ్చేవాళ్ళు కావాలి. ఉద్యమం అన్న మాటకు నేను ముందుగా చెప్పుకునే అర్థం ఆ రెండో పని.

మజ్జిగలో మాత్ర

అన్న 2006లో జబ్బు పడ్డాడు. పాలిటెక్నిక్ అయిపోయి, హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పని చేసేవాడు. ముందు నిద్ర పోయింది. తర్వాత ఓనర్ తన మాటలన్నీ రికార్డు చేస్తున్నాడన్నాడు. తర్వాత పని మానేశాడు. ఆర్ఎంపీ వచ్చి బలానికి సూది వేసి పోయాడు. కాజీపేట దర్గాకు పోయాం, ఐనవోలు మల్లన్నకు మొక్కుకున్నాం. వాటిని నేను తప్పు పట్టను, ఆ రోజుల్లో అమ్మ నిటారుగా నిలబడగలిగింది ఆ గుడి మెట్ల మీదే. తప్పు పట్టేది ఇంకొకదాన్ని. ఎవరో చేతబడి అన్నారు, అనుమానం పెద్దమ్మ వాళ్ళ మీదికి పోయింది. ఆ ఇంటికీ మా ఇంటికీ ఇప్పటికీ రాకపోకల్లేవు. అన్న జబ్బు మందులతో అదుపులోకి వచ్చింది, ఆ మాట పెట్టిన గాయానికి మందు దొరకలేదు.

తర్వాత చుట్టాల్లో చదువుకున్నాయన ఒకరు ఇది మానసిక జబ్బని చెప్పి, తనకు తెలిసిన డాక్టర్ దగ్గర మాత్రలు రాయించుకొచ్చారు. అన్నను చూడకుండానే. అన్న వేసుకోనన్నాడు. అప్పుడు నేను చేసిన పని గురించి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ రాస్తున్నాను. మాత్రను చెంచాతో నలిపి మజ్జిగలో కలిపాను.

వారం రోజులు నడిచింది. ఎనిమిదో రోజు గ్లాసు అడుగున కరగని తెల్లటి ముక్క కనిపించింది. అన్న దాన్ని వేలి కొసన తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. నా వైపు చూశాడు. ఏమీ అనలేదు.

అంతకు ముందు తన అన్నంలో ఏదో కలుపుతున్నారని అన్న అనుమానం. అనుమానం మాత్రమే. మేం దాన్ని నిజం చేశాం. ఆ రోజు నుంచి ఇంట్లో వండింది ఏదీ ముట్టలేదు. అరటిపండు తినేవాడు, తొక్క తనే తీసుకొని. ఉడికించిన గుడ్డు, పెంకు పగలకుండా ఉంటేనే. చింపని బిస్కెట్ ప్యాకెట్. నా చేతి అన్నం నా కొడుకే తినడని అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఏడ్చేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఈ పని చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. వేరే దారి కనబడకే చేస్తారు. తెగించి చేసిన తల్లులను నిందించే నోరు నాకు లేదు. కానీ దాని ఖరీదు ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి. దొరికిపోయిన రోజున మాత్ర ఒక్కటే పోదు. ఆ ఇంట్లో ఇక ఎవరు ఏం చెప్పినా నమ్మడానికి ఆ మనిషికి కారణం మిగలదు.

మా సందు మొదట్లో ఒక చాయ్ హోటల్ ఉంది. హోటలంటే రేకుల షెడ్డు, రెండు బెంచీలు. అది నడిపే ఆయన్ను అన్న, నేను చిన్నప్పటి నుంచి కాకా అంటాం. చుట్టరికం లేదు. అన్న అరటిపండ్లతో బతుకుతున్నాడని ఆయనకు తెలుసు, సందు అందరికీ తెలుసు. ఒక రోజు పొద్దున అన్న అటు నడుస్తుంటే పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. గిన్నెలోంచి ఒక చాయ్ తీసి రెండు గ్లాసుల్లో సగం సగం పోశాడు. రెండూ అన్న ముందు పెట్టాడు.

"ఏది కావాల్నో నువ్వే తీస్కో బిడ్డా. ఇంకోటి నేను తాగుత."

అన్న తీసుకోలేదు. కాకా కాసేపు చూసి తన గ్లాసు తాగేశాడు, రెండోది చల్లారిపోయింది. మరుసటి రోజూ అంతే. ఎన్ని రోజులు ఇలా అయిందో సరిగ్గా లెక్క లేదు, మూడు వారాలైతే దాటింది. ఒక రోజు అన్న ఎడమ వైపు గ్లాసు తీసుకొని, పెదాల దాకా తెచ్చి, మళ్ళీ కింద పెట్టి, కుడి వైపుది తీసుకున్నాడు. కాకా ఏమీ అనకుండా ఎడమ వైపుది ఎత్తి గటగటా తాగాడు. అప్పుడు అన్న తాగాడు. పద్నాలుగు నెలల్లో ఇంకొకరి చేతిది అన్న తాగడం అదే మొదలు.

ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూడా కాకానే. "నాకు రాత్రి నిద్ర పడుతలేదు, చూపించుకుంట, తోడు రా" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు నిజంగానే నిద్ర పట్టదు. ఓపీ దగ్గర రెండు చీటీలు తీసుకున్నాడు, ఒకటి తన పేరు మీద, ఒకటి అన్న పేరు మీద. ముందు తనే లోపలికి వెళ్ళి చూపించుకున్నాడు. అన్న తలుపు దగ్గర నిలబడి, డాక్టర్ ఏం అడుగుతున్నాడు, కాకా ఏం చెబుతున్నాడు, సూది వేశారా లేదా అంతా చూశాడు. తర్వాత తను వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజంతా హోటల్ బంద్. ఆ నష్టం ఎంతో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు.

కాకా ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. మానసిక ఆరోగ్యం అన్న మాట కూడా ఆయన నోట నేను వినలేదు. నేను నా కళ్ళతో చూసిన మొదటి ఉద్యమకారుడు ఆయనే. ఈ మాట ఏదో పొగడాలని అనడం లేదు. జార్జ్ బీర్స్ జేబులో ఉత్తరం ఏ పని చేసిందో, ఆ రెండో గ్లాసు అదే పని చేసింది.

చెప్పుకోవడం దండగా అంటే

కాదు. ఇక్కడ నా మీద నాకే అనుమానం వస్తుంది. బీర్స్ పుస్తకం రాయకపోతే ఆ ఉత్తరం సంగతి నాకెలా తెలిసేది? ఎవరో ఒకరు ముందు నోరు విప్పకపోతే కాకా లాంటివాళ్ళకైనా ఇది జబ్బని తోచేదా?

2015లో దీపికా పదుకొణె తనకు డిప్రెషన్ వచ్చిందని టీవీలో చెప్పినప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. "గంత మంచిగున్న పిల్లకు గూడ వస్తదా?" అంది. అదే రోజు సాయంత్రం పక్కింటామెతో మొదటిసారి అన్న గురించి మామూలు గొంతుతో మాట్లాడింది. అంతకు ముందు తొమ్మిదేళ్ళు గుసగుసగానే మాట్లాడేది. ఒక్క ఇంటర్వ్యూ అంత పని చేసింది. కాబట్టి చెప్పేవాళ్ళకు నేను దండం పెడతాను.

కానీ ఒక తేడా ఉంది. డిప్రెషన్, టెన్షన్, స్ట్రెస్ అనే మాటలు ఇప్పుడు కాలేజీ పిల్లల నోట కూడా మామూలుగా వస్తున్నాయి. మంచిదే. స్కిజోఫ్రెనియా ఇంకా రావడం లేదు. అది వచ్చినవాళ్ళకు ఇంకా మన దగ్గర ఉన్న పేరు ఒకటే, పిచ్చోడు. ఎర్రగడ్డ అనే బస్తీ పేరు మొత్తం రాష్ట్రంలో తిట్టయింది. అక్కడి ఆస్పత్రిలో చికిత్స తీసుకొని పనుల్లోకి పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు, అయినా పిల్లలు కొట్లాడుకుంటూ "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అనుకుంటారు. ఆ మాట మా అన్న కూర్చున్న గదిలోనే చుట్టాల పిల్లాడు అన్నాడు ఒకసారి. వాడికి తెలియదు. అన్న లేచి బయటికి వెళ్ళాడు.

ఇక గొలుసులు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన షెడ్డులో మంటలు లేస్తే 28 మంది చనిపోయారు, గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల బయటపడలేక. ఆ వార్త వచ్చినప్పుడు ఊళ్ళో అందరం అయ్యో అనుకున్నాం. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక పశువుల కొట్టంలో కాలికి గొలుసుతో ఒక మనిషి ఉండేవాడు, మేం చిన్నప్పుడు దూరం నుంచి చూసి పరిగెత్తేవాళ్ళం. ఆ వార్తకూ ఈ మనిషికీ సంబంధం ఉందని ఒక్కరికీ తట్టలేదు. బీర్స్ పెట్టిన సంఘం వారసులు 1953లో అమెరికా పిచ్చాసుపత్రుల నుంచి పాత గొలుసులు, సంకెళ్ళు తెప్పించి, కరిగించి, 300 పౌండ్ల గంట పోయించారు. దాని గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కొట్టం. గొలుసు ఊడిన చోట మనిషి చర్మం రంగు వేరుగా ఉంటుంది. అది నాకు తెలుసు.

బీర్స్‌ను నెత్తిన పెట్టుకోవడానికి కూడా నాకు కొంత ఇబ్బంది ఉంది. యేల్ చదువు, పెద్దవాళ్ళ పరిచయాలు లేకపోతే ఆయన రాతప్రతి విలియం జేమ్స్ లాంటి పేరున్న మనస్తత్వవేత్త టేబుల్ మీదికి చేరేదా? ఆ ఉద్యమానికి మానసిక పరిశుభ్రత అనే పేరు సూచించిన డాక్టర్ అడాల్ఫ్ మేయర్‌తో ఆయనకు ఎంతోకాలం పొసగలేదు. ఆస్పత్రుల్లో పడే దెబ్బల గురించి మొదలైన ఉద్యమం క్రమంగా నిపుణుల చేతుల్లోకి పోయింది, దానిలో కొంతమంది ఎవరు పిల్లల్ని కనాలో ఎవరు కనకూడదో తేల్చే యూజెనిక్స్ దారి కూడా పట్టారు. రోగి మాటతో పుట్టిన ఉద్యమంలో రోగి మాట ఎంత తొందరగా వెనక్కి పోగలదో చూస్తే భయమేస్తుంది.

"ఇప్పుడు బాగయ్యాడా?"

అందరూ అడిగే ప్రశ్న ఇది. ప్రేమతోనే అడుగుతారు. దీనికి అవును అనే జవాబు తప్ప ఇంకోటి వినడానికి సిద్ధంగా ఉండరు.

కొన్నేళ్ళ కింద ఒక సంస్థ వాళ్ళు అన్నను మాట్లాడమని పిలిచారు. అప్పుడు అన్న మంచిగా ఉన్నాడు. నెలకోసారి మందులు తెచ్చుకుంటున్నాడు, ఒక జిరాక్స్ షాపులో సగం పూట పని. ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్ళి ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. ఇంకో రెండు చోట్లకు రమ్మన్నారు. ఆ మధ్యలో జబ్బు తిరగబెట్టింది. మందు మానలేదు, అయినా తిరగబెట్టింది, ఈ జబ్బులో అదీ జరుగుతుంది. రాలేడని నేను ఫోన్ చేసి చెప్పాను. అయ్యో అన్నారు. మళ్ళీ వాళ్ళ నుంచి ఫోన్ రాలేదు. అన్న కోలుకున్నాక కూడా రాలేదు.

అన్న చాలా రోజులు అడిగాడు, "వాళ్ళు ఫోన్ చేసిన్రా?" అని.

బీర్స్ 1905లోనే, పుస్తకం రాస్తున్న రోజుల్లోనే, మళ్ళీ కొన్నాళ్ళు ఆస్పత్రిలో చేరాడు. అది దాచుకోకుండా చెప్పాడు. 1939లో జబ్బు మళ్ళీ ముసురుకుంటే ప్రావిడెన్స్‌లోని మానసిక వైద్యశాలలో చేరాడు, 1943 జూలైలో అక్కడే చనిపోయాడు. చివరి నాలుగేళ్ళూ రోగిగానే. ఆయన గురించి రాసే చాలామంది ఆ నాలుగేళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తారు, ఏదో మచ్చ ఉన్నట్టు. నాకైతే అందులో మచ్చ కనిపించదు. షుగర్ ఉన్న డాక్టర్ షుగర్‌తోనే పోతే ఆయన చెప్పిన వైద్యం తప్పయిపోతుందా? ముప్ఫై ఏళ్ళు ఆ మనిషి చేసిన పని ఆయన బాగైపోయాడనే సర్టిఫికెట్ మీద నిలబడలేదు. మనం మాత్రం మన దగ్గర మాట్లాడేవాళ్ళను ముందు ఆ సర్టిఫికెట్ అడుగుతాం. అది లేని రోజున మైకు లాక్కుంటాం. కాబట్టే నోరు విప్పండి అనే పిలుపు వింటే నాకు గుండె దడ పుడుతుంది. విప్పిన తర్వాత ఆ మనిషి మళ్ళీ పడిపోతే పక్కన ఎవరుంటారో తేల్చుకోకుండా ఆ పిలుపు ఇవ్వకూడదు.

ఓరుగల్లువాళ్ళకు ఇది కొత్త కాదు. 1997–98లో లద్దె పురుగు పత్తిని తినేసి, మన జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు ఊళ్ళకు వచ్చి ధైర్యంగా ఉండండి, బాధ చెప్పుకోండి అన్నవాళ్ళకు కొదవ లేదు. రైతు చెప్పుకున్నాడు కూడా. మందుల షాపు బాకీ ఎంతో, మిత్తి ఎంతో, బిడ్డ పెళ్ళి ఎప్పుడో అన్నీ చెప్పుకున్నాడు. ఆ బాకీ కాగితం తీసుకొని నేను మాట్లాడతా పద అని వెంట నడిచినవాళ్ళే తక్కువ.

వెంట నడవడం అంటే ఏమంత గొప్ప సంగతి కాదు, అంతా చిల్లర పనే. నెలనెలా ఆస్పత్రికి పోవాలి. ఓపీ చీటీ, లైన్, మందు ఆ రోజు స్టాకు లేకపోతే మళ్ళీ రావాలి. పింఛను కావాలంటే వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపు, దానికి స్లాటు, ఆధార్, పాత చీటీలన్నీ వరసగా. వైకల్యం కంటికి కనబడదు కాబట్టి మంచిగనే ఉన్నడు కదా అని కౌంటర్ దగ్గర అనిపించుకోవాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక అమ్మ టికెట్ ఖర్చు తగ్గింది, అన్నకు టికెట్ తీస్తాం. మా పక్కన సీట్లో కూర్చున్న ఒకామె అప్పుడు చెప్పింది, బస్సు ఫ్రీ అయినంక తన చెల్లెకు రెండేళ్ళ తర్వాత మళ్ళీ మందులు మొదలుపెట్టించానని. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా చెప్పే సంగతి కూడా ఇలాంటిదే. ఆయన దగ్గరికి రావాల్సిన పేషెంటు బస్సు చార్జీలు లేక రాలేక చనిపోయిందట. ఆ తర్వాతే ఆయన ఆస్పత్రుల ఆవరణలో చెక్క బెంచీలు వేయించి, ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. అవ్వలు వింటారు, మళ్ళీ రమ్మంటారు. అది పని చేస్తోందని 2016లో పరిశోధన అచ్చయింది కూడా.

మన దేశంలో 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో చేశారు, వాటిలో తెలంగాణ లేదు. అంటే ఆ హాల్లో లేచి నిలబడిన అమ్మాయి ఆ లెక్కలో కూడా లేదు.

ఆ అమ్మాయికి నేను చెప్పాల్సిన జవాబు ఇది. ఎవరికి చెప్పాలో వెతుక్కునే పని నీది కాదమ్మా. నీ కాలేజీలో ఎవరో ఒక టీచర్, ఎవరో ఒక ఆయా, ఎవరో ఒక సీనియర్ ముందు నీ దగ్గరికి రావాలి. తన ఫోన్ నీ చేతికిచ్చి, తలుపు బయట కూర్చోవాలి, నువ్వు మాట్లాడటం అయిపోయేదాకా. ఆ మాట అక్కడున్న లెక్చరర్లతో అనాల్సింది. అనలేదు. తర్వాత ఆ కాలేజీకి ఉత్తరం రాశాను, ఇలాంటి ఏర్పాటు ఒకటి చేయండని. జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాస్తాను.

తెల్ల కాగితం

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. గొలుసులతో కట్టేయడాన్ని అది నిషేధించింది. దానిలో నాకు బాగా నచ్చింది 14వ సెక్షన్. జబ్బు ముదిరి తన సంగతి తను చూసుకోలేని పరిస్థితి వస్తే తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ రెండో మనిషి ఒప్పుకోవాలి, అంతే. చుట్టమే కావాలని లేదు. చట్టం ఆ మాట వాడలేదు గానీ, ఇది బీర్స్ అడిగిన పాస్‌పోర్టే.

రెండేళ్ళ కింద ఈ సంగతి అన్నకు చెప్పాను. అన్న రెండు రోజులు ఆలోచించి కాగితం తెచ్చుకున్నాడు. చేతులు కొంచెం వణుకుతాయి కాబట్టి అట్ట కింద పెట్టుకొని మెల్లగా రాశాడు. నా పేరు రాస్తాడనుకున్నాను. పంతొమ్మిదేళ్ళలో నేను లేని ఆస్పత్రి రోజు లేదు. హోటల్ కాకా పేరు రాశాడు.

గ్లాసు అడుగున తెల్ల ముక్క నాకు వెంటనే గుర్తొచ్చింది. అన్నకు గుర్తొచ్చిందో లేదో అడగలేదు.

కాగితం తీసుకొని ఇద్దరం హోటల్‌కు వెళ్ళాం. కాకా చేతులు తుడుచుకొని, చదివించుకొని, "సరే బిడ్డా" అని సంతకం పెట్టాడు. పెట్టాక అడిగాడు, "నాకు అరవై దాటింది. నేను పోతే ఎట్ల?" ముందస్తు ఆదేశం అని ఇంకోటి ఉంది, దానిలో ఒకరి తర్వాత ఒకరుగా పేర్లు రాసుకోవచ్చని చెప్పాను. అయితే అదీ రాయమన్నాడు.

ఈ వ్యాసం రాసే ముందు అన్నను అడిగాను. పేర్లు వద్దన్నాడు, చాయ్ సంగతి రాయమన్నాడు, మజ్జిగ సంగతి నీ ఇష్టం అన్నాడు. ఆ రెండో కాగితం అన్న బీరువాలో ఉంది. మొదటి గీత మీద కాకా పేరు ఉంది. రెండో గీత ఖాళీగా ఉంది. ఆలోచిస్తున్నానన్నాడు.